జింకల వేటకి ఔనన్నాను

ఆ ఊళ్ళో మేం ఇల్లు కొన్నది జింకల్ని చూసే. డెబ్బైల చివర్లో మా ఆయనకి బోస్టన్ పక్కన ఒక కంప్యూటర్ కంపెనీలో ఉద్యోగం వచ్చింది. ఆఫీస్‌కి దగ్గర్లో రెండు మూడు ఇళ్ళు చూశాం, నాకు నచ్చలేదు. చివరికి ఏజెంటు మమ్మల్ని గంట దూరంలో, సముద్రం ఒడ్డున ఉన్న ఒక చిన్న ఊరికి తీసుకెళ్ళింది. వంటింటి కిటికీలోంచి చూస్తే పెరటి చివర, అడవి మొదలయ్యే చోట, ఐదు జింకలు నిలబడి ఉన్నాయి. ఒకటి తలెత్తి నావంక చూసింది. "ఇదే తీసుకుందామండీ" అన్నాను. ఇంట్లో ఎన్ని గదులున్నాయో కూడా అప్పటికి చూడలేదు.

ఈ మాట ముందే ఎందుకు చెప్తున్నానంటే, తర్వాత నేను చేసిన పనికి చాలామంది నన్ను జింకలంటే గిట్టని మనిషి కింద కట్టేశారు. నాకు జింకలంటే ఇష్టం. అప్పుడూ ఇష్టమే, ఇప్పుడూ ఇష్టమే.

పక్కింట్లో ఒక పెద్దావిడ ఒంటరిగా ఉండేది. బళ్ళో పాఠాలు చెప్పి రిటైరైంది, భర్త పోయాడు. మేం దిగిన మర్నాడే ఆపిల్ పళ్ళ బుట్ట పట్టుకుని వచ్చింది. మంచులో కారు నడపడం నాకు నేర్పింది ఆవిడే. "బ్రేకు మీద కాలెయ్యకు, కారు ఎటు జారితే అటే తిప్పు" అని పక్కన కూర్చుని అరిచేది. మా అమ్మాయి ఆవిణ్ణి గ్రానీ అని పిలిచేది. చలికాలం వచ్చిందంటే ఆవిడ పెరట్లో మొక్కజొన్న గింజలు, మెత్తబడిన ఆపిల్ పళ్ళు కుప్పగా పోసేది. చూస్తుండగానే జింకలు వచ్చి ఒకదాని మూతికి ఇంకొకటి మూతి ఆనించి తినేవి. మా అమ్మాయి ఆవిడ ఒళ్ళో కూర్చుని వాటిని లెక్కపెట్టేది.

అమ్మాయికి ఆరేళ్ళప్పుడు, వేసవిలో, మోకాలి వెనక ఎర్రగా గుండ్రంగా ఒక మచ్చ వచ్చింది. రోజు రోజుకీ పెద్దదవుతూ మధ్యలో తేటబడింది. తామరేమో అనుకుని కొబ్బరి నూనెలో పసుపు కలిపి రాశాను. రెండు వారాలకి మచ్చ పోయింది. నా వైద్యం పనిచేసిందని మురిసిపోయాను కూడా. ఆకులు రాలే రోజులొచ్చేసరికి పిల్ల మోకాలు బత్తాయి కాయలా వాచింది. మెట్లు ఎక్కలేక కూర్చుని ఒక్కొక్క మెట్టూ జరిగేది.

మొదటి డాక్టరు, ఎదిగే పిల్లలకి ఇలాంటి నొప్పులు మామూలే అన్నాడు. రెండో ఆయన "మీరు పిల్లకి మాంసం పెట్టరా?" అని అడిగి, ఆ కారణం దొరికాక ఇంకేం చూడలేదు. మూడో ఆయన నన్ను కూర్చోబెట్టి మెల్లగా చెప్పాడు, "కొత్త దేశం, కొత్త బడి. స్కూల్ తప్పించుకోవడానికి పిల్లలు ఒక్కోసారి ఇలా చేస్తుంటారు."

"అది పుట్టింది ఇక్కడే డాక్టర్. దానికి ఇది కొత్త దేశం కాదు" అన్నాను. ఆయన నవ్వి ఇంకో పేషెంటుని పిలిచాడు.

ఆ చలికాలం పళ్ళ డాక్టరు దగ్గర కూర్చున్నప్పుడు ఒక పత్రికలో చదివాను. పక్క రాష్ట్రం కనెక్టికట్‌లో కొందరు పిల్లలకి మోకాళ్ళు వాస్తున్నాయని, జింకల మీద బతికే చిన్న పిడుదు కుట్టడం వల్లనని. మచ్చ ఎలా ఉంటుందో కూడా రాశారు. మా అమ్మాయి మోకాలి వెనక చూసి రాసినట్టే ఉంది. ఆ కాగితం అక్కడే చింపి బ్యాగ్‌లో పెట్టుకున్నాను. అందరూ చూస్తూనే ఉన్నారు.

మొదటి డాక్టరు దగ్గరికే మళ్ళీ వెళ్ళి చూపించాను. "అది కనెక్టికట్‌లో. మన దగ్గర లేదు" అన్నాడు.

"సరిహద్దు దగ్గర జింకల్ని ఎవరైనా ఆపుతున్నారా?" అని అడిగాను. ఆయన మొహం ఎర్రబడింది.

మా ఆయన ఆఫీస్ పనిమీద ఊళ్ళో లేరు. పత్రికలో రాసిన, ఆ జబ్బు తెలిసిన ఆసుపత్రి మూడు గంటల దూరం, పైగా మంచు. ఆయన వచ్చేదాకా ఆగుదామనిపించలేదు. పక్కింటి పెద్దావిడ తలుపు తట్టాను. ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదు, కోటు తొడుక్కుని వచ్చి నా పక్కన కూర్చుంది. దారంతా వెనక్కి తిరిగి పిల్లకి కథలు చెప్తూనే ఉంది. అక్కడి లేడీ డాక్టరు మోకాలు చూసి, రక్తం తీయించి, "ఎప్పుడైనా ఎర్రటి మచ్చ వచ్చిందా?" అని అడిగింది. పసుపు రాసిన సంగతి చెప్పాను. పెద్దావిడ నా చెయ్యి పట్టుకుంది.

మందులు వారాల తరబడి వాడాం. వాపు తగ్గింది. కానీ రెండేళ్ళపాటు చలి మొదలైతే చాలు కాలు బిగుసుకునేది. ఆ రెండేళ్ళలో మా రోడ్డు మీదే ఇంకో ముగ్గురు పిల్లలు కుంటడం చూశాను. వాళ్ళ అమ్మలకి నేనే ఆ ఆసుపత్రి ఫోన్ నంబరు ఇచ్చాను.

తర్వాత ఒకరోజు రాష్ట్రం వన్యప్రాణుల శాఖ నుంచి ఒకతను ఊరి లైబ్రరీకి వచ్చి మాట్లాడాడు. ముప్పై దాటి ఉండవు, పదిమంది ముందు మాట్లాడాలంటే నత్తి వచ్చేది. చిన్న సీసా తెచ్చి అందరికీ చూపించాడు. అందులో గసగసాల్లాంటి పిల్ల పిడుదులు. పిల్లలకి ఎక్కువగా కుట్టేది ఈ వయసువేనట. అవి పెరిగి పెద్దవై గుడ్లు పెట్టాలంటే జింక రక్తం కావాలట. ఈ ఊళ్ళో వేట మీద నిషేధం పెట్టి చాలా ఏళ్ళైంది, తోడేళ్ళు ఎప్పుడో పోయాయి, అడవి మోయగలిగిన దానికన్నా జింకలు ఎక్కువైపోయాయి అన్నాడు.

శాఖ వాళ్ళ ప్రతిపాదన ఇది. ఊరి నిషేధం సడలించి ఏటా కొద్ది రోజులు వేటకి అనుమతివ్వాలి. ఎవరుపడితే వాళ్ళు కాదు, చీటీలు తీసి ఎంచుకున్న కొద్దిమందికే. వాళ్ళు ముందు గురి పరీక్షలో పాసవ్వాలి. పగటిపూటే, షాట్‌గన్‌తోనే, సముద్రం పక్క అడవిలోనే. మొదట ఆడజింకని కొట్టాలి, ఆ తర్వాతే కొమ్ములదాన్ని. కొట్టిన ప్రతి జింకనీ, పిడుదులు లెక్కపెట్టడానికి, తనిఖీ చోటుకి తెచ్చి చూపించాలి. ఇక ఊళ్ళో ఎవరూ జింకలకి మేత వెయ్యకూడదు.

వెనక నుంచి ఒకాయన లేచి, "జింకల్ని చంపితే జబ్బు పోతుందని హామీ ఇస్తారా?" అని గద్దించాడు.

"ఇ... ఇవ్వలేను" అన్నాడు అతను. "తగ్గుతుందని అనుకుంటున్నాం. చేసి చూస్తేగాని తెలీదు."

హాల్లో నవ్వులు. నాకు మాత్రం అతని మీద నమ్మకం కుదిరింది అప్పుడే. అన్నేళ్ళలో నాకు తెలీదు అని నాతో చెప్పిన మొదటి మనిషి అతను.

వారం తర్వాత పెద్దావిడ మా వంటింట్లో కూర్చుంది. వేటని అడ్డుకోవడానికి ఒక కమిటీ వేశారు, ఆవిడే దానికి పెద్ద. "ఊరి సభలో నువ్వు మాట్లాడాలి" అంది. "నువ్వు హిందువువి, మాంసం ముట్టవు. మీ దేశంలో ప్రాణిని చంపరు. ఆ మాట నువ్వు లేచి చెప్తే హాలంతా వింటుంది."

మా ఏలూరులో ఆదివారం పొద్దున్నే మాంసం కొట్టు ముందు ఎంతమంది నిలబడతారో ఆవిడకి తెలీదు. ఆ సంగతి వదిలేసి, "ఆలోచించి చెప్తాను" అన్నాను.

మా ఆయనతో చెప్తే ఆయన పేపర్ మడిచి పక్కన పెట్టారు. "మనకెందుకు? గ్రీన్ కార్డ్ మీద ఉన్నాం. ఓటు లేదు. అటూ వద్దు, ఇటూ వద్దు. నోరు మూసుకుని ఉందాం."

"మోకాలు వాచినప్పుడు అది గ్రీన్ కార్డ్ చూసి వాచలేదు కదండీ" అన్నాను.

"పిల్ల పుట్టుకతో సిటిజనే" అన్నారు ఆయన, మాట తప్పించడానికి.

"అయితే దాని తరపున నేను మాట్లాడతాను."

ఆ శనివారం తెలుగువాళ్ళందరం ఒకరింట్లో కలిశాం. మాట ఎలాగో జింకల మీదికి వచ్చింది, నా సంగతీ బయటపడింది. ఆ ఇంటావిడ నన్ను పట్టుకుని, "నిజమేనా? వేట పెట్టమంటున్నారట మీరు! మాంసం ముట్టని ఇంట్లో పుట్టి, పాపం కదండీ!" అంది. ఆవిడ ప్లేట్‌లో కోడి కాలు ఉంది. "పాపమే" అన్నాను. "మీ ప్లేట్‌లో ఉన్నదానికి అడిగే నోరుంటే ఇదే మాట అనేది." ఆ తర్వాత చాలా నెలలు ఆ ఇంటి నుంచి మాకు పిలుపు రాలేదు. వాళ్ళింటి పులిహోర బాగుంటుంది. అదొక్కటే లోటు.

సభకి ముందురోజు నేనే పెద్దావిడ ఇంటికి వెళ్ళాను. వెనక నుంచి తెలియడం కన్నా ఎదురుగా చెప్పడం నయం అనుకున్నాను. "నేను మాట్లాడతాను. కానీ వేట కావాలనే మాట్లాడతాను" అన్నాను.

ముందు నవ్వింది, నేను వేళాకోళం ఆడుతున్నాననుకుని. తర్వాత నా మొహం చూసి కప్పు కింద పెట్టింది. "నీ కూతురు నా ఒళ్ళో కూర్చుని వాటికి పేర్లు పెట్టింది" అంది.

"అవును. ఆ తర్వాతి వేసవిలోనే దానికి పిడుదు కుట్టింది."

"అయితే నువ్వు మాట్లాడకపోవడమే మంచిది. నీకు ఓటు లేదు కదా."

ఐదేళ్ళ పరిచయంలో ఆ మాట ఆవిడ నోట రావడం అదే మొదలు. నేను లేచి వచ్చేశాను.

ఊరి సభ స్కూల్ జిమ్‌లో. ఆ ఊళ్ళలో పద్ధతేమిటంటే, ఏ నిర్ణయమైనా ఓటర్లంతా ఒక్కచోట కూర్చుని, చేతులెత్తి తేలుస్తారు. ఓటు లేనివాళ్ళకి పక్కన వేరే కుర్చీలు. నేనొక్కదాన్నే చీరలో ఉన్నాను, పైన మా ఆయన కోటు. కావాలనే చీర కట్టుకున్నాను. నేనెవరో దాచుకుని మాట్లాడదల్చుకోలేదు.

నా వంతు వచ్చి మైకు దగ్గరికి వెళ్ళేసరికి కమిటీ మనిషి ఒకాయన లేచాడు. "ఆవిడ ఓటరు కాదు. మాట్లాడే హక్కు లేదు."

సభ నడిపే పెద్దమనిషి కళ్ళజోడు సర్దుకుని, "సభ ఒప్పుకుంటే మాట్లాడచ్చు. ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తండి" అన్నాడు. చేతులు లేచాయి. నేను ఒక్క మనిషి వంకే చూశాను. ముందు వరసలో పెద్దావిడ, మొహం రాయిలా పెట్టుకుని, చెయ్యెత్తి ఉంది.

రాసుకొచ్చిన కాగితం తియ్యలేదు. "నేను మాంసం తినను" అని మొదలుపెట్టాను. "ఈ హాల్లో సగం మందికి ఆ సంగతి నచ్చుతుంది, నా మతం పేరు చెప్పి జింకల్ని కాపాడచ్చని. నా మతం సంగతి నేను చూసుకుంటాను, మీరు వాడుకోకండి. ఇక్కడ జింకల కోసం ఏడ్చినవాళ్ళలో చాలామంది ఈ ఆదివారం బీఫ్ తింటారు. తినండి, నాకేం అభ్యంతరం లేదు. కానీ నాకు దయ గురించి పాఠం చెప్పకండి. నా కూతురు నెలల తరబడి మెట్ల మీద కూర్చుని జరిగింది. నటిస్తోందన్నారు. ఇంకో ముగ్గురు పిల్లల్ని నేనెరుగుదును. వేట వల్ల జబ్బు తగ్గుతుందో లేదో నాకు తెలీదు. ఆ ఆఫీసరుకీ తెలీదు, ఆ మాట ఒప్పుకున్నాడు. చేసి చూడమంటున్నాను. చంపడం పాపమైతే అందులో నా వాటా నాది. నేను ఇంట్లో కూర్చోను, తనిఖీ చోటుకి వచ్చి పనిచేస్తాను."

చప్పట్లు కొందరివి, అరుపులు కొందరివి. ఎవరో "గో హోమ్!" అన్నారు. చేతులు లెక్కపెట్టారు, ఒకటికి రెండుసార్లు. కొద్ది తేడాతో వేట గెలిచింది. పెద్దావిడ నా పక్కనుంచే నడిచి వెళ్ళింది, నేను అక్కడ లేనట్టు.

మర్నాడు మా మెయిల్‌బాక్స్ మీద నల్లరంగుతో అదే 'గో హోమ్' రాసి ఉంది. మా ఆయన తుడవబోయారు. ఉంచండి అన్నాను. రోజూ సాయంత్రం నేను హోమ్‌కే వస్తున్నాను, ఆ ఇంటికే. రాసినవాడు అది చూడాలి అనుకున్నాను.

నవంబరు చివర్లో వేట మొదలైంది. తనిఖీ ఫైర్ స్టేషన్ వెనక షెడ్డులో. నత్తి ఆఫీసరు, నేను, ఇంకో ఇద్దరు. మొదటి జింకని తెచ్చినవాడు మా ఊరి ప్లంబరు, మా ఇంట్లో సింకు బాగుచేసినవాడే. నన్ను చూసి టోపీ తీశాడు. ఆడజింక. కళ్ళు తెరిచే ఉన్నాయి. నేను చేసిన వాగ్దానం ఎంత బరువైనదో అప్పుడు తెలిసింది.

"మీరు కాసేపు బయట కూర్చుంటారా?" అన్నాడు ఆఫీసరు.

"అక్కర్లేదు" అన్నాను. పిల్లకి పేలు తియ్యడానికి ఏలూరు నుంచి తెప్పించుకున్న సన్న పళ్ళ దువ్వెన తెచ్చుకున్నాను. చెవి వెనక, మెడ మీద వెంట్రుకలు పాయలు తీసి దువ్వుతుంటే రక్తం తాగి ఉబ్బిన పిడుదులు ఒకటొకటిగా దొరికాయి. నేను చెప్తుంటే అతను రాసుకున్నాడు. కళ్ళు కారుతూనే ఉన్నాయి, భుజంతో తుడుచుకున్నాను. లెక్క మాత్రం ఆపలేదు.

గేటు బయట కమిటీ వాళ్ళు అట్టలు పట్టుకుని నిలబడ్డారు. సాయంత్రం నేను కారు దగ్గరికి వస్తుంటే పెద్దావిడ ఎదురైంది. నా బట్టల మీద మరకలు చూసింది. "ఎన్ని?" అంది.

"ఇవాళ ఏడు."

"నిద్రపడుతుందా నీకు?"

"పిల్ల మోకాలు పట్టుకుని ఏడ్చినప్పుడు పట్టలేదు. ఇవాళ పడుతుంది" అన్నాను.

ఆ చలికాలం మంచు పడగానే ఆవిడ పెరట్లో మళ్ళీ మొక్కజొన్న కుప్పలు పోసింది. మేత వెయ్యకూడదన్నది ఇప్పుడు రూలు. కంచె దగ్గరికి వెళ్ళి చెప్పాను, "మీరు ఆపకపోతే నేనే శాఖ వాళ్ళకి ఫోన్ చేస్తాను."

"చేసుకో."

చేశాను. అవతలివాళ్ళు పేరు చెప్పక్కర్లేదన్నారు. చెప్పాను, స్పెల్లింగుతో సహా. ఆవిడకి నోటీసు వచ్చింది. మంచులో నాకు కారు నడపడం నేర్పిన మనిషి మీద, నా పిల్లని ఆసుపత్రికి తీసుకెళ్ళిన మనిషి మీద నేను ఫిర్యాదు చేశాను. అందుకు బాధపడ్డానా అంటే పడ్డాను. మళ్ళీ అదే జరిగితే మళ్ళీ చేస్తాను.

మొదటి రెండేళ్ళు పిడుదులు ఏమంత తగ్గలేదు. ఆఫీసరు ఊరి సభలో నిలబడి ఆ మాటే చెప్పాడు, ఇంకా జింకలు ఎక్కువే ఉన్నాయని, ఇంకొన్నాళ్ళు చూడాలని. కమిటీ వాళ్ళు నావంక తిరిగి నవ్వారు. నేను మాత్రం ఏటా వెళ్ళాను. నాలుగో ఏడు నా దువ్వెనకి దొరికేవి తగ్గాయి. జబ్బు ఊళ్ళోంచి పోలేదు, మోకాళ్ళు వాచే పిల్లలు ఇంకా ఉన్నారు. కానీ ఇప్పుడు డాక్టర్లు ఆ తల్లుల్ని మాంసం పెడతారా అని అడగడం లేదు. మొదట మచ్చ గురించి అడుగుతున్నారు.

పెద్దావిడ ఇల్లు అమ్మేసి ఉత్తరాన మెయిన్ రాష్ట్రంలో చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోయింది. సామాను లారీ వెళ్ళాక మా డ్రైవ్‌వే దాకా వచ్చి నిలబడింది. నేను బయటికి వచ్చాను.

"నువ్వు చేసింది తప్పు" అంది.

"కాదు" అన్నాను.

ఆవిడ కారు తాళాలు చేతిలోకి తీసుకుంది. "పిల్ల కాలు ఎలా ఉంది?" అంది.

"పరుగుపందేల్లో చేరింది."

ఆవిడ తల ఊపి కారెక్కింది. వెనక్కి తీసేటప్పుడు ఒకసారి చెయ్యెత్తింది. నేనూ ఎత్తాను.

ఆ తర్వాతి ఏడాది మా అమ్మాయికి పదమూడు నిండాయి. వేట మొదలయ్యే ముందురోజు అన్నం తింటూ, "అమ్మా, రేపు నన్ను కూడా డ్రాప్ చెయ్యి" అంది.

"తనిఖీకి వస్తావా?" అన్నాను ఆశగా.

"నో. గేటు దగ్గర. ప్రొటెస్ట్‌కి. నేను ఒక సైన్ చేసుకున్నాను." తన గదిలోంచి అట్ట తెచ్చి చూపించింది. జింక బొమ్మ, కింద ఎర్ర అక్షరాలు. మా ఆయన ముద్ద చేతిలో పట్టుకుని నా మొహం చూస్తున్నారు.

"నీ కోసమే కదే ఇదంతా!" అన్నాను.

"నేను అడగలేదు అమ్మా. యూ నెవర్ ఆస్క్డ్ మీ." తెలుగులో మొదలెట్టి ఇంగ్లీష్‌లోకి జారిపోయింది, కోపం వస్తే దానికి అంతే. "నాకు నొప్పొచ్చింది, ఐ నో. కానీ వాటిని చంపద్దు. నేను అదే చెప్తాను."

నాకు అరవాలనిపించింది. మెట్ల మీద కూర్చుని జరిగిన పిల్ల, ఇవాళ నా ముందు నిటారుగా నిలబడి నాకు ఎదురు చెప్తోంది. అదీ పదిమందిలో, పేరు దాచుకోకుండా. వద్దనడానికి నాకేం మొహముంది?

"ఏడింటికి బయల్దేరాలి" అన్నాను. "స్వెట్టర్ వేసుకో, గేటు దగ్గర గాలి ఎక్కువ. గడ్డిలో నిలబడకు. ప్యాంటు సాక్సులోకి దోపుకో."

పొద్దున్నే గేటు ముందు దాన్ని దింపాను. అట్ట పట్టుకుని వెళ్ళి వాళ్ళలో నిలబడింది. నన్ను చూసి ఎవరో అరిచారు. అది అరవలేదు, కానీ అట్ట ఇంకొంచెం పైకెత్తింది. నేను గేటు లోపలికి కారు పోనిచ్చి, షెడ్డులోకి నడిచి, చేతులకి గ్లవ్స్ తొడుక్కున్నాను. మొదటి జింక అప్పటికే వచ్చింది.